అప్పుడప్పుడు కాల్చే చుట్ట

దొంగతనము తప్పా కాదా అని ఏ సభలోను చర్చ జరుగదు. తప్పుడు తూకము పాపమా కాదా అని ఏ వర్తకుడును పండితుని ఇంటికి వెళ్ళి అడుగడు. చేసేవాడు తెలిసే చేస్తాడు, మానేవాడు తెలిసే మానుతాడు. సందేహములన్నీ చిన్న సుఖముల దగ్గరనే వస్తాయి. అటువంటి చిన్న సుఖములలో పొగాకు ఒకటి. రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చేవానిని గురించి చెప్పవలసినది వైద్యులు చెప్పనే చెప్పినారు. ఇక్కడ విచారింపదగినవాడు వేరొకడు. అతడు క్రమము తప్పక దేవాలయమునకు వెళ్తాడు, మద్యము ముట్టడు, రాత్రి భోజనము చేయడు, లెక్కలో ఒక్క పైస తేడా రానీయడు. కాని రెండు నెలలకో మూడు నెలలకో ఒకసారి తీరికగా కూర్చుండి, ఒక మంచి చుట్టనో పైపునో వెలిగించుకుంటాడు. అయిపోయిన తరువాత మరల ఆ మాట ఎత్తడు. ఇతడు చేసినది తప్పా? తప్పయితే ఎంత తప్పు? తప్పు కాకపోతే నలుగురికి చెప్పుటకు ఎందుకు మొగమాటపడతాడు?

ఈ ప్రశ్న పుస్తకములలో పుట్టినది కాదు. బెంగుళూరునుంచి హోసూరుకు పోయే పెద్ద రోడ్డుమీద, ఆనేకల్ రోడ్డు చీలే చోట చందాపుర ఉన్నది. దానికి ఉత్తరమున బొమ్మసంద్ర కార్ఖానాలు, ఆ పైన ఎలక్ట్రానిక్ సిటీ వచ్చిన తరువాత ఈ పల్లె నాలుగు భాషలవారు చేరిన పట్టణమైనది. తెలుగు అక్కడ పరాయి భాష కాదు. ఆనేకల్, హోసూరు ప్రాంతములలో తరతరములుగా తెలుగు మాట్లాడే కుటుంబములున్నవి. రాయలసీమనుంచి బ్రతుకుతెరువుకు వచ్చినవారు వేరు. అటువంటి ఊరి కూడలిలో నిలబడితే టీ అంగడి ప్రక్కన బీడీ కాల్చే కూలివాడు కనబడతాడు. చెవిమీద సగము కాలిన చుట్ట పెట్టుకొన్న ముసలివాడు కనబడతాడు. కంపెనీ పనిమీద విదేశము పోయి, విమానాశ్రయములో కొన్న సిగార్ల పెట్టె సంచిలో వేసుకొని వచ్చిన ఇంజనీరు కనబడతాడు. ముగ్గురూ కాల్చేది ఒక జాతి ఆకే. అయినను మొదటివానిని లోకము జాలిగా చూస్తుంది, రెండవవానిని పాతకాలపువాడంటుంది, మూడవవానిని రసికుడంటుంది. ధర మారగానే పేరు మారే సరుకు విషయములో వర్తకుడు కొంచెము జాగ్రత్తగా ఉండవలెను.

పొగాకు ఈ దేశపు మొక్క కాదు. అమెరికా ఖండమునుంచి పోర్చుగీసువారి ఓడలలో పశ్చిమ తీరమునకు వచ్చినది. అక్బరు కొలువులోని అసద్ బేగ్ బిజాపురమునుంచి పొగాకును, దానిని త్రాగే గొట్టమును తెచ్చి చక్రవర్తి ముందు పెట్టినది 1604, 1605 ప్రాంతములో. అక్బరు ఒకటి రెండు దమ్ములు పీల్చి చూచినాడు, వైద్యుడు వద్దన్నాడు. 1617లో జహంగీరు పొగ త్రాగరాదని ఆజ్ఞ చేసినాడు. ఆజ్ఞ కాగితముమీద ఉండిపోయినది; పొగాకు పల్లెపల్లెకు పాకినది.

శ్రావకుల ఆచారమును చెప్పే ప్రాచీన గ్రంథములు అంతకు ఎన్నో వందల ఏండ్ల పూర్వమువి. వానిలో సప్త వ్యసనములుగా ఎన్నబడినవి జూదము, మాంసము, మద్యము, వేశ్యాసంగము, వేట, చౌర్యము, పరస్త్రీసంగము. ఈ ఏడింటిలో పొగాకు పేరు లేదు. దీనిని పట్టుకొని, శాస్త్రము కాదనని దానిని కాదనుటకు మీరెవరు అని వాదించేవారున్నారు. ఈ వాదము వర్తకుని దగ్గర చెల్లదు. అంగడికి కొత్త సరుకు వచ్చినప్పుడు, చిట్టాలో దాని పేరు లేదు గనుక లెక్క వ్రాయనక్కరలేదని ఏ గుమాస్తా అనడు. ఉన్న ఖాతాలలో అది దేనికి చెందునో చూచి అక్కడ వ్రాస్తాడు. పొగాకు విషయములో చేయవలసినదీ అదే. పేరు లేదని వదలక, ఏ పద్దులోకి వచ్చునో చూడవలెను.

అంతకు ముందు ఒక మాట ఒప్పుకోవలెను. తెలుగువారు పొగాకును దూరమునుంచి చూచి తీర్పు చెప్పగలవారు కారు. గోదావరి లంకలలో పండి, ఎండలో పదునెక్కిన లంక పొగాకు చుట్టలకు పేరెన్నిక గన్నది. 1920ల తరువాత గుంటూరు ప్రాంతములో వర్జీనియా పొగాకు విస్తరించినది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడినది. 1975 చట్టము ప్రకారము ఏర్పడిన పొగాకు బోర్డు 1976నుంచి గుంటూరు కేంద్రముగా పని చేస్తున్నది. ఈ ఆకుమీద పెండ్లిండ్లు జరిగిన ఇండ్లు, చదువులు సాగిన పిల్లలు, అప్పులలో మునిగిన రైతులు ఎందరో. చుట్ట అనే మాట కూడ ఇంటి మాటే; ఆకును చుట్టితే చుట్ట. 1892లో మొదట ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన గురజాడవారి కన్యాశుల్కములో గిరీశము శిష్యుడైన వెంకటేశము గురువువద్ద నేర్చినదల్లా చుట్ట కాల్చుటయే అని తేలినప్పుడు ప్రేక్షకులు నవ్వినారు. తమ ఇంట ఎరిగిన సంగతి గనుకనే నవ్వినారు.

నవ్వు రాని సంగతి ఒకటి ఉన్నది. విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాల తీర గ్రామములలో స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకొని కాల్చే అలవాటు చిరకాలముగా ఉన్నది. దానిని అడ్డపొగ అంటారు. ఆ విధముగా కాల్చేవారికి అంగిలిమీద పుట్టే పుండును గురించి, కాన్సరును గురించి 1945 నాటికే వైద్యులు వ్రాసినారు. 1960లలో శ్రీకాకుళము జిల్లా పల్లెలలో ఇంటింటికి తిరిగి నోళ్ళు పరీక్షించినారు. ఆ స్త్రీలలో ఎవరికిని చుట్ట కాల్చుట విలాసము కాదు. కష్టపు పని మధ్య దొరికిన కాసింత ఊరట. ఆ ఊరటకు అంగిలి వెల ఇచ్చినారు.

ఇక అప్పుడప్పుడు కాల్చేవాని పక్షమున చెప్పదగినది కూడ పూర్తిగా చెప్పవలెను. ప్రతివాదిని బలహీనుని చేసి గెలుచుట గెలుపు కాదు.

అతడు ఇట్లా అంటాడు. సిగరెట్టు తొందరవాని వస్తువు. చుట్టయు పైపును తీరికవాని వస్తువులు. పైపులో పొగాకు వదులుగా కూరితే మండిపోతుంది, బిగించి కూరితే ఆరిపోతుంది. దానికి ఓర్పు కావలెను. మంచి చుట్ట ఒకటి కాలుటకు ముప్పావు గంట, గంట పడుతుంది. అంతసేపు మనిషి టెలిఫోను ప్రక్కన పెట్టి, ఒకచోట కూర్చుంటాడు. పొగ నోటిలో ఉంచి వదులుటయే గాని లోపలికి పీల్చడు. మత్తెక్కి ఎవరినీ కొట్టడు, తిట్టడు. సొంత సంపాదనలో సంవత్సరమునకు నాలుగైదు చుట్టల ఖర్చు ఒక పట్టుపంచె ధర కూడ కాదు. కాఫీ త్రాగేవారు, మిఠాయి తినేవారు, అత్తరు పూసికొనేవారు, సినిమా చూచేవారు ఉండగా, ఈ ఒక్కనిమీదనే కోపమెందుకు? గృహస్థునికి సుఖమే పనికిరాదంటే అది సన్యాసధర్మము గాని శ్రావకధర్మము కాదు.

ఈ మాటలలో నిజము లేకపోలేదు. గృహస్థునికి సుఖము పనికిరాదని జైనధర్మము ఎన్నడును చెప్పలేదు. సాధువుకు మహావ్రతములు, గృహస్థునకు అణువ్రతములు అని వేరు చేసినదే అందుకు. ఉపాసకదశాంగములో ఆనందుడనే గృహస్థుని కథ ఉన్నది. నాలుగు కోట్లు నిధిగా, నాలుగు కోట్లు వ్యాపారములో, నాలుగు కోట్లు ఇల్లు వాకిళ్ళలో పెట్టిన మహా ధనికుడతడు. మహావీరస్వామి ఎదుట వ్రతములు తీసికొన్నప్పుడు ఇక ఏ సుఖమును అనుభవింపనని అతడు అనలేదు. ఒక్కొక్క వస్తువునకు పేరు పెట్టి హద్దు చెప్పినాడు. ఒంటికి రాసుకొనే నూనెలు ఈ రెండే, తలకు ఉసిరికయే, ధూపము ఈ రకములే అని జాబితా చదివినట్లు చెప్పినాడు. అంతటి ధనికుడు తల నూనెకు హద్దు చెప్పుకొనుట ఈనాటివారికి వింతగా తోచవచ్చును. కాని అందులోనే కిటుకు ఉన్నది. పేరు పెట్టి హద్దు చెప్పిన సుఖము లెక్కలోనికి వచ్చినది. చెప్పనిది లెక్క బయట పెరుగుతుంది.

ఈ పద్దునే భోగోపభోగ పరిమాణమంటారు. సమంతభద్రాచార్యులు రత్నకరండక శ్రావకాచారములో దీనిని విడమరిచి చెప్పినారు. ఒకసారి అనుభవించి వదలవలసినది భోగము, అన్నమువలె. మరల మరల అనుభవింపదగినది ఉపభోగము, వస్త్రమువలె. ఆ లెక్కన చుట్ట భోగము, పైపు గొట్టము ఉపభోగము, అందులోని పొగాకు మరల భోగము. మానుట రెండు విధములని కూడ ఆయన చెప్పినారు. జీవితాంతమునకు మానితే యమము. ఇంతకాలమని మానితే నియమము. ఆ కాలము ఒక పగలు కావచ్చును, ఒక రాత్రి, పక్షము, నెల, రెండు నెలల ఋతువు, ఆరు నెలల ఆయనము కావచ్చును. బలహీనునికి కూడ ఒక మెట్టు చూపించిన శాస్త్రమిది.

అందులోనే ఇంకొక మాట ఈ విచారణకు ఆయువుపట్టు. శరీరమునకు కీడు చేసేది ఏదో, పెద్దమనుష్యులు సేవింపదగనిది ఏదో, వానిని హింసతో నిమిత్తము లేకనే వదలవలెనని ఆయన అన్నారు. ఇక అనుభవింపదగిన వస్తువునైనను బుద్ధిపూర్వకముగా, సంకల్పించి మానినప్పుడే అది వ్రతమగునని అన్నారు. దొరకక మానినది వ్రతము కాదు. వెల పెరిగి మానినది వ్రతము కాదు. భార్య పెట్టె దాచినందున మానినదియు వ్రతము కాదు.

ఈ వెలుగులో చూస్తే, అప్పుడప్పుడు అనే మాటలోనే మూడు అర్థములున్నట్లు తెలుస్తుంది. ఒకడు దొరికినప్పుడు మాత్రమే కాలుస్తాడు. దొరకనిదే అతని నిగ్రహము. ఇంకొకడు పెండ్లిలోనో విందులోనో ఎవరైన ఇస్తే కాలుస్తాడు. అతని లెక్క ఇతరుల చేతిలో ఉన్నది. మూడవవాడు ముందుగా ఇంత అని నిర్ణయించుకొని, ఆ హద్దు దాటక కాలుస్తాడు. బయటనుంచి చూచేవారికి ముగ్గురూ ఒక్కటే, సంవత్సరమునకు నాలుగు చుట్టలు. కాని మొదటి ఇద్దరికి హద్దు లేదు, అవకాశము లేకపోవుట మాత్రమే ఉన్నది. అవకాశము పెరిగిన నాడు వారి లెక్క కూడ పెరుగుతుంది.

ఇది ఎట్లా జరుగుతుందో ఒక ఉదాహరణతో చూడవచ్చును. చందాపురలో ఇనుప సామానుల అంగడి గల ఒక పెద్దమనిషి ఉన్నాడనుకోవచ్చును. బావమరిది దుబాయినుంచి వచ్చినప్పుడు ఇరువది అయిదు సిగార్ల పెట్టె తెచ్చి ఇస్తాడు. పెద్దమనిషి రెండు నెలలకు ఒకటి అని మనసులో అనుకుంటాడు. ఎక్కడా వ్రాయడు, ఎవరికీ చెప్పడు. మొదటి ఆరు నెలలు మాట నిలుస్తుంది. తరువాత ఒకనాడు పెద్ద బాకీ వసూలవుతుంది; ఆ సంతోషమునకు ఒకటి. ఇంకొకనాడు బేరము చెడిపోతుంది. ఆ విచారమునకు ఒకటి. “ఇంకా నెల కూడ కాలేదు గదండీ” అని భార్య అంటే, “వచ్చేసారి మానేస్తానులే” అని జవాబు. ఆ జవాబు దగ్గర ఒక్క క్షణము ఆగి చూడవలెను. జీవితములో ఎవరివద్ద చేబదులు తీసికొననివాడు, వచ్చే నెల చుట్టను ఈ నెలకే అరువు తెచ్చుకొన్నాడు. అరువిచ్చినది ఎవరు? అతడే. వసూలు చేయవలసినది ఎవరు? అతడే. ఇటువంటి బాకీ ఏ అంగడిలోను వసూలు కాదు. పెట్టె ఖాళీ అయిన తరువాత అతడు దుబాయికి ఫోను చేస్తే, ఇక అప్పుడప్పుడు అనే మాట అతని నోట చెల్లదు.

ఇందులో మనిషి బలహీనత ఒకటే పని చేయదు. ఆకు తన పని తాను చేస్తుంది. చుట్ట పొగలో క్షారగుణము ఎక్కువ గనుక, లోపలికి పీల్చకపోయినను నికోటిన్ నోటి లోపలి పొరగుండ రక్తములోనికి పోతుంది. పెద్ద సిగారు ఒక్కదానిలో ఒక సిగరెట్టు పెట్టెకు సరిపడు పొగాకు ఉండవచ్చును. అమెరికా ప్రభుత్వ వైద్యాధికారి 1964 జనవరిలో ప్రకటించిన నివేదిక ముఖ్యముగా సిగరెట్టునే దోషిగా నిలిపినది. చుట్ట, పైపు కాల్చేవారు తమకు కొంత మినహాయింపు దొరికినదని సంతోషించినారు. ఆ సంతోషము నిలువలేదు. నోటికి, గొంతుకు, అన్నవాహికకు, ఊపిరితిత్తులకు వచ్చే కాన్సర్లు ప్రతిదినము చుట్ట కాల్చేవారిలో ఎక్కువని 1998లో అమెరికా జాతీయ కాన్సరు సంస్థ ఒక గ్రంథమే వెలువరించినది. ఎప్పుడో ఒకటి కాల్చేవానికి ప్రతిదినము కాల్చేవానికున్నంత ప్రమాదము లేదు. కాని ఇంతవరకు భయము లేదు అని గీత గీసి చూపదగిన మోతాదు కూడ లేదు.

తెలివి ఉంటే అలవాటు పట్టుకొనదు అనుకొనేవారు ఫ్రాయిడ్ డాక్టరును తలచుకోవలెను. మనిషి మనస్సులోని కోరికల లోతులు వెదకిన పండితుడాయన. రోజుకు ఇరువది దాక సిగార్లు కాల్చేవాడు. 1923లో దవడలో కాన్సరు బయటపడినది. తరువాత పదహారేండ్లలో ముప్పదికి పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. 1939లో మరణించేదాక ఆ బాధ పడినాడు. అయినను చుట్టను పూర్తిగా వదలలేకపోయినాడు. ఆయనను నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. అంతటివాడు చిక్కుకొన్న చోట, నేను ఎప్పుడైన మానగలను అని సామాన్యుడు చెప్పే మాట ఎంత బరువు మోయగలదో చూచుకొనుటకు మాత్రమే.

హింస మాట కూడ రావలెను. అగ్గిపుల్ల గీయగానే అగ్నికాయ, వాయుకాయ జీవములకు హాని అని శాస్త్రము. అట్లయితే పొయ్యి వెలిగించుట, దీపము పెట్టుట కూడ హానియే గదా అని అడుగవచ్చును. నిజమే. అందుకే గృహస్థునికి అనర్థదండమనే భేదము చెప్పినారు. ప్రయోజనము లేని చోట చేసే హాని అనర్థదండము. పొయ్యి నిప్పు పదిమందికి అన్నము పెట్టినది. చుట్ట నిప్పు ఎవరికి ఏమి పెట్టినది? కాల్చినవానికి ఒక గంట సుఖము పెట్టినది, అందులో సందేహము లేదు. ఆ ఒక గంటలో ప్రక్కనున్నవారికి ఏమి పెట్టినదో కూడ వ్రాయవలెను గదా. పొగకు గోడ తెలియదు, తలుపు తెలియదు. కాల్చనివారు పీల్చినను కీడే అని తేలినందుననే 2003లో పొగాకు వస్తువుల చట్టము వచ్చినది. 2008 అక్టోబరు 2నుంచి దేశమంతట బహిరంగ స్థలములలో నిషేధము గట్టిపడినది. కర్ణాటకలో 2025లో అమలుకు వచ్చిన సవరణతో ఇరువదియొక్క ఏండ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదు. హుక్కా అంగళ్ళు కూడ నిషిద్ధములు. చట్టము వీధి గుమ్మము దాక వస్తుంది. ఇంటి లోపల దమ్ము జబ్బుగల తల్లి, చంటిపిల్ల ఉన్న కోడలు, తాతగారిని చూచి పెన్సిలు నోట పెట్టుకొని కుర్చీలో వెనుకకు వాలే మనుమడు ఉన్నప్పుడు, చట్టము రాని చోట ధర్మము రావలెను.

ఇంతదాక కాల్చేవానిని గురించియే మాట. ఇక్కడ ఆపితే న్యాయము కాదు. శ్వేతాంబర సంప్రదాయములో గృహస్థుడు చేయదగని పదునైదు వృత్తులు చెప్పబడినవి. వానికి కర్మాదానములని పేరు. వానిలో విషవాణిజ్యము ఒకటి. విషమునే గాక ప్రాణహాని చేసే వస్తువుల అమ్మకము కూడ అందులోనికి వచ్చును. ఒక వర్తకుడు స్వయముగా పొగాకు ముట్టడు. పర్యూషణములో ఉపవాసములు చేస్తాడు. సంవత్సరమునకు నాలుగు చుట్టలు కాల్చే బంధువును చూచి ముఖము చిట్లిస్తాడు. కాని తన కిరాణా అంగడిలో గల్లాపెట్టె ప్రక్కన సిగరెట్టు పెట్టెలు, పొగాకు పొట్లములు వరుసగా కట్టి ఉంచుతాడు. అవి లేకపోతే గిరాకి ప్రక్క అంగడికి పోతుందంటాడు. ఇద్దరిలో ఎవరి పద్దు పెద్దది? ఒకడు తన నోటిని మాత్రమే చెరుపుకొన్నాడు. ఇంకొకడు చేయి తడవకుండ ఊరందరికి అందించినాడు. గిరాకి పోవుననే భయము చిన్నది కాదు. అద్దె, జీతములు, వడ్డీ ఆ గిరాకిమీదనే నడుస్తాయి. ఒక్కనాడు ఆ వరుస తీసివేయుమని చెప్పుట సులభము, తీసివేయుట కష్టము. కాని ప్రశ్న అడుగవలసి వచ్చినప్పుడు ముందు అంగడిని అడిగి, తరువాత చుట్టను అడుగవలెను. గుంటూరు, ప్రకాశము జిల్లాలలో బ్యారను నమ్ముకొన్న రైతుకు మరొక పంట దారి దొరకవలెను. వర్తకునికి మరొక సరుకు దొరుకుట అంత కష్టము కాదు.

అప్పుడప్పుడు కాల్చేవానిని పదిమందిలో అవమానించుట, అతని ఇంటి పెండ్లి సంబంధమువద్ద ఈ మాట ఎత్తి చెడగొట్టుట కూడ హింసయే. అతడు తప్పు చేయలేదని కాదు. తప్పుకు మించిన శిక్ష తూకమునకు విరుద్ధము. ఇటువంటి శిక్షవలన అతడు మానడు, దాచుట నేర్చుకుంటాడు. దాచిన అలవాటు ఎన్నడును అప్పుడప్పుడుగా ఉండదు. వానిని వ్యసనపరుడనుటయు పూర్తి సత్యము కాదు, వానికి ఏ దోషము లేదనుటయు పూర్తి సత్యము కాదు. రెండు ప్రక్కలు చూచి చెప్పుటయే అనేకాంతము.

ఇక చేయవలసినది ఏమి? ఉత్తమము స్పష్టమే. శరీరమునకు కీడని తెలిసిన వస్తువును వదలుట. వీలైతే యమముగా, జీవితాంతమునకు. గుండెజబ్బు, దమ్ము, నోటిలో మానని పుండు ఉన్నవారికి ఇందులో వేరు విచారణయే లేదు. అంత శక్తి నేడు లేనివానికి మధ్యమమార్గము నియమము. కాని అది నిజమైన నియమము కావలెను. సంవత్సరారంభమున లెక్క పుస్తకములు తెరిచేటప్పుడు ఇంత అని కాగితముమీద వ్రాయవలెను. భార్యకో అన్నగారికో చెప్పవలెను. ఈ సంవత్సరము మిగిలినది వచ్చే సంవత్సరమునకు చేర్చరాదు. వచ్చే సంవత్సరముది ఈ సంవత్సరము వాడరాదు. ఇంటిలోపల, పిల్లల ఎదుట కాల్చరాదు. ఇంకొకనికి ఇవ్వరాదు, కొత్తవానికి నేర్పిన చుట్ట తాను కాల్చిన నూరింటికంటె బరువు. ప్రతి సంవత్సరము ఆ సంఖ్య తగ్గవలెనే గాని పెరుగరాదు.

వీనికంటె నమ్మదగిన పరీక్ష ఇంకొకటి ఉన్నది. భోగ పరిమాణ వ్రతమునకు సమంతభద్రులు చెప్పిన అతిచారములు అయిదు. విషయసుఖమును ఉపేక్షింపలేకపోవుట ఒకటి. గడచిన అనుభవమును మరల మరల తలచుట రెండవది. అనుభవించేటప్పుడు ఆత్రపడుట మూడవది. రాబోయే దానికై తపించుట నాల్గవది. మితిమీరి అనుభవించుట అయిదవది. ఈ అయిదింటిలో చుట్టల లెక్కకు సంబంధించినది చివరిది ఒక్కటే. తక్కినవి చాలవరకు చుట్ట చేతిలో లేని రోజులకు సంబంధించినవి. కనుక అప్పుడప్పుడు కాల్చేవాడు తనను పరీక్షించుకోవలసినది కాల్చే గంటలో కాదు, కాల్చని అరువది రోజులలో. చాతుర్మాస్యము నాలుగు నెలలు పూర్తిగా మాని చూడవలెను. ఆ నాలుగు నెలలలో ఆ వాసన తగిలినప్పుడు మెడ అటు తిరిగినదా, కార్తిక పూర్ణిమ ఎన్నడని క్యాలెండరు చూచినాడా, చిన్న మాటకు ఇంటివారిమీద కసురుకొన్నాడా అని గమనింపవలెను. అవేవీ లేకపోతే ఆ వస్తువుతో అతనికి పని లేదని తేలినట్లే. పని లేని వస్తువును మరల తెచ్చుకొనుట ఎందుకు? అవి ఉంటే అప్పుడప్పుడు అను మాట ఇంతకాలము వట్టి పేరేనని తేలినట్లు; అప్పుడు వదలుట తప్పదు, వైద్యుని సహాయము అడుగుటలో సిగ్గు లేదు.

రెండు దారులు చేరేది ఒక చోటికే అని చదువరులు గమనించియుందురు. అయితే ఆ చోటికి ఒకరు తరిమితే చేరుట వేరు, తన లెక్క తానే చూచుకొని చేరుట వేరు. సంవత్సరి నాడు అందరిని క్షమాపణ అడిగే ముందు, ప్రతి గృహస్థుడు తన సుఖముల చిట్టా ఒకసారి తీసి చూచుకొనుట మంచిది. చుట్ట కాల్చేవాడు చుట్టను, అమ్మేవాడు అమ్మకమును, రెండూ చేయనివాడు తాను పేరు పెట్టక వదలిన ఇతర సుఖములను అందులో వ్రాయవలెను.